హౌసింగ్ అసోసియేషన్ ఫ్లాట్‌లో పెరిగిన సర్వీస్ ఛార్జీని ట్రిబ్యునల్ ముందు ప్రశ్నించడం ఎలా?

నమస్కారం. మీ ప్రశ్న సారాంశం ఇది. మీరు తూర్పు లండన్‌లో ఒక హౌసింగ్ అసోసియేషన్ (తక్కువ అద్దెకు ఇళ్లిచ్చే లాభాపేక్ష లేని సంస్థ) భవనంలో అష్యూర్డ్ టెనెన్సీ (చట్టరక్షణ ఉన్న అద్దె ఒప్పందం) మీద అద్దెకు ఉంటున్నారు. ఇప్పటిదాకా వారానికి 11 పౌండ్లు ఉన్న సర్వీస్ ఛార్జీ ఏప్రిల్ నుంచి 19 పౌండ్లు అవుతుందని ఉత్తరం వచ్చింది. అందులో శుభ్రత, ఉమ్మడి కరెంటు, తోట పని, ఎంట్రీ ఫోన్, అగ్నిమాపక పరికరాలు, నిర్వహణ రుసుము అన్న పద్దులే తప్ప వివరం లేదు, ఫోన్ చేసినా ఖర్చులు పెరిగాయన్న సమాధానమే వచ్చింది. పెంచిన భాగం కట్టడం ఆపవచ్చా, ఇళ్ల వివాదాలు తేల్చే ట్రిబ్యునల్‌కు వెళ్తే కేసు నిలుస్తుందా, ఓడితే వారి లాయర్ ఖర్చు మీ మీద పడుతుందా అని అడిగారు.

ముందు మూడింటికీ సూటిగా జవాబు చెప్పి, తర్వాత కారణాలు వివరిస్తాను. కట్టడం ఆపవద్దు. మీ ఛార్జీ అసలు ఖర్చును బట్టి ఏటా మారే రకమైతే ట్రిబ్యునల్‌కు వెళ్లే హక్కు మీకు పూర్తిగా ఉంది. ఓడినవారు ఎదుటివారి లాయర్ ఖర్చు భరించాలన్న నియమం అక్కడ సాధారణంగా లేదు. అయితే ఆ ఖర్చు మరో దారిలో మీ బిల్లులోకి రాకుండా దరఖాస్తులోనే అడ్డుకట్ట వేసుకోవాలి. నేను చెబుతున్నదంతా ఇంగ్లండ్‌కు సంబంధించినది. వేల్స్‌లో ఇలాంటి కేసులను ఇప్పటికీ లీజ్‌హోల్డ్ వాల్యుయేషన్ ట్రిబ్యునల్ చూస్తుంది, స్కాట్లండ్ చట్టమే వేరు, కాబట్టి అక్కడ ఉంటున్న మనవారు దీనిని యథాతథంగా అన్వయించుకోకూడదు.

అద్దెదారుల తరఫున ఇలాంటి దరఖాస్తులు తయారు చేయడంలో చాలా ఏళ్లుగా సాయపడుతున్నాను. ఛార్జీ అన్యాయంగా ఉందన్న ఆవేదన ఒక్కటే పట్టుకుని వెళ్లినవారికి అక్కడ దక్కేది తక్కువ. ఫలానా సంవత్సరం, ఫలానా పద్దు, ఒప్పందంలో ఫలానా నిబంధన, దానికి ఎదురుగా ఈ కాగితం అని చూపించగలిగినవారి మాట నిలుస్తుంది. కాబట్టి దరఖాస్తు ఫారం కంటే ముందు చేయవలసిన పని చాలా ఉంది, నా జవాబులో ఎక్కువ భాగం దాని గురించే.

మొట్టమొదట తేల్చుకోవలసినది మీ ఛార్జీ మారే రకమా, స్థిరమైన రకమా అన్నది. ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టం, 1985లోని సెక్షన్ 18 ప్రకారం సేవలు, మరమ్మతులు, నిర్వహణ, బీమా, యాజమాన్య ఖర్చుల కోసం అద్దెతో పాటు వసూలు చేసే మొత్తం, అసలు ఖర్చును బట్టి పూర్తిగానో కొంతగానో మారేదైతేనే ఆ చట్టంలోని రక్షణలన్నీ వర్తిస్తాయి. ఏడాది మొదట్లో అంచనా పంపి, సంవత్సరం ముగిశాక అసలు లెక్క పంపి, మిగులునో లోటునో తర్వాతి సంవత్సరానికి సర్దుతూ ఉంటే మీది మారే రకమని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు. ఏటా ఒక కొత్త అంకె చెప్పడం తప్ప వెనక్కి తిరిగి లెక్క సర్దడం ఎప్పుడూ జరగకపోతే అది స్థిరమైన ఛార్జీ అయ్యే అవకాశం ఎక్కువ. అయినా ఉత్తరాలను బట్టి కాక టెనెన్సీ అగ్రిమెంట్‌లో రాసినదానిని బట్టే ఇది తేలుతుంది. సంతకం చేసిన రోజు ఇచ్చిన ప్రతి కనిపించకపోతే సంస్థను అడిగి ప్రతి తెప్పించుకోండి.

స్థిరమైన ఛార్జీ అని తేలితే, ఎంత చెల్లించాలో తేల్చమని కోరేందుకు అదే చట్టంలోని సెక్షన్ 27ఎ ఇచ్చే ట్రిబ్యునల్ దారి మూసుకుపోయినట్టే. అప్పుడు ఒప్పందంలో పెంపుకు ఏ పద్ధతి చెప్పారో అదే పాటించారా అన్న ప్రశ్న మిగులుతుంది. సామాజిక గృహాల అద్దెలపై ప్రభుత్వ విధాన ప్రకటన కూడా ఉంది. సర్వీస్ ఛార్జీలు సమంజసంగా, పారదర్శకంగా ఉండాలని, వాటి పెంపును కూడా అద్దెకు వర్తించే సీపీఐ (ధరల పెరుగుదల సూచీ) ప్లస్ 1 శాతం పరిమితిలో ఉంచడానికి సంస్థలు ప్రయత్నించాలని అది చెబుతుంది. అది కచ్చితమైన గరిష్ఠ పరిమితి కాదు. కానీ 11 నుంచి 19కి, అంటే 70 శాతానికి పైగా పెంచిన సంస్థ ఆ ప్రయత్నం ఏమిటో రాతపూర్వకంగా చెప్పవలసిందేనని ఫిర్యాదులో గట్టిగా అడగవచ్చు. మీది అఫర్డబుల్ రెంట్ టెనెన్సీ అయితే మరో సంగతి గమనించండి. మార్కెట్ అద్దెలో 80 శాతం మించకూడదన్న ఆ అద్దెలోనే సర్వీస్ ఛార్జీ కూడా కలిసి ఉంటుంది. దాని మీద వేరుగా ఇంకో మొత్తం అడుగుతుంటే ఎందుకని ప్రశ్నించండి.

ఇక్కడే కౌన్సిల్ (స్థానిక సంస్థ) ఇళ్ల గురించి ఒక మాట. మీ ప్రశ్న కింది వ్యాఖ్యల్లో ఒకరు తాము కౌన్సిల్ నుంచి నేరుగా అద్దెకు ఉంటున్నామని రాశారు. సెక్షన్ 26 వల్ల స్థానిక సంస్థల మామూలు అద్దెదారులకు ఈ రక్షణలు వర్తించవు, 21 ఏళ్లు మించిన లీజు ఉంటేనే వర్తిస్తాయి. అంటే ఒకే కౌన్సిల్ భవనంలో, ఒకే మెట్ల మీద, రైట్ టు బై (అద్దెదారు తానుంటున్న ఇంటినే తగ్గింపు ధరకు కొనుక్కునే పథకం) కింద అమ్ముడైన ఫ్లాట్‌ను కొనుక్కున్న కుటుంబం ట్రిబ్యునల్‌కు వెళ్లగలదు, పక్క ఫ్లాట్‌లో కౌన్సిల్‌కు అద్దె కట్టే కుటుంబం వెళ్లలేదు. ఈ తేడా నాకు ఎన్నడూ న్యాయంగా అనిపించలేదు, కానీ చట్టం అలాగే ఉంది. షేర్డ్ ఓనర్‌షిప్‌లో, అంటే కొంత వాటా కొని మిగతాదానికి అద్దె కట్టే పద్ధతిలో, ఇల్లు కొన్న మనవారు చాలామంది ఉన్నారు. వారిది దీర్ఘకాలపు లీజు కాబట్టి ఈ హక్కులన్నీ వారికి ఉన్నాయి. తమ వాటా పావు వంతే అయినా సర్వీస్ ఛార్జీ సాధారణంగా ఫ్లాట్ మొత్తానిదీ వారే కడతారు కాబట్టి వారికి ఇది ఇంకా అవసరం.

మీది మారే రకమే అనుకుని ముందుకు వెళ్దాం. మొదటి వడపోత మీ ఒప్పందమే. అగ్రిమెంట్‌లో ఏయే సేవలకు ఛార్జీ వేయవచ్చో చెప్పే నిబంధనను, కొన్నిసార్లు చివర్లో ఉండే పట్టికను, వచ్చిన ఉత్తరం పక్కన పెట్టి చదవండి. ఒప్పందంలో లేని సేవకు, ఖర్చు ఎంత సమంజసమైనదైనా, డబ్బు అడిగే హక్కు సంస్థకు ఉండదు. కొత్త సేవలు చేర్చడానికి కొన్ని ఒప్పందాలు ముందుగా సంప్రదించాలన్న షరతు పెడతాయి, ఆ సంప్రదింపు జరిగిందో లేదో చూడండి.

రెండో వడపోత చాలామందికి తెలియనిది, అద్దెదారులకు ఎక్కువగా పనికివచ్చేది. అదే చట్టంలోని సెక్షన్ 11 ప్రకారం ఏడేళ్ల లోపు టెనెన్సీలలో ఇంటి కట్టడం, బయటి భాగాలు, నీరు, గ్యాస్, కరెంటు, మురుగు, గది వేడి, వేడినీటి అమరికల మరమ్మతు యజమాని బాధ్యత. వారం వారం అద్దె కట్టే అష్యూర్డ్ టెనెన్సీ కూడా దీని కిందికే వస్తుంది. ఆ మరమ్మతుకు బదులుగా అద్దెదారు డబ్బు కట్టాలన్న నిబంధన ఒప్పందంలో ఉన్నా అది చెల్లదు. కాబట్టి పైకప్పు మరమ్మతు, గోడల బయటి మరమ్మతు, వాన నీటి గొట్టాల మరమ్మతు అద్దెదారు సర్వీస్ ఛార్జీలో కనిపిస్తే వెంటనే ఎర్రగీత గీయండి. ఒకే భవనంలో లీజుదారులు (దీర్ఘకాలపు లీజు మీద ఫ్లాట్ కొనుక్కున్నవారు), అద్దెదారులు కలిసి ఉన్నచోట భవనం మొత్తం ఖర్చును ఫ్లాట్ల సంఖ్యతో భాగించి అందరికీ ఒకే బిల్లు పంపడం వల్ల ఇలాంటివి దొర్లుతుంటాయి. లీజుదారుల నుంచి న్యాయంగా వసూలు చేయదగిన మరమ్మతు అద్దెదారుల నుంచి వసూలు చేయదగినది కాకపోవచ్చు.

ఈ రెండు వడపోతల తర్వాతే ఖర్చు సమంజసమా అన్న ప్రశ్నకు రావాలి. సెక్షన్ 19 ప్రకారం ఖర్చు సమంజసంగా చేసినదై ఉండాలి, అందిన సేవ తగిన ప్రమాణంలో ఉండాలి, ముందుగా వసూలు చేసే అంచనా కూడా సమంజసమైన మొత్తానికి మించకూడదు. సంస్థ తగిన పద్ధతి పాటించిందా అన్నది మాత్రమే చూస్తే చాలదని, వచ్చిన ఖర్చు కూడా సమంజసంగా ఉండాలని 2017లో హౌన్‌స్లో కౌన్సిల్‌కు వాలర్ అనే లీజుదారుకు మధ్య నడిచిన కేసులో అప్పీలు కోర్టు స్పష్టం చేసింది. అయితే సమంజసమంటే అన్నిటికన్నా చౌక అని కాదు. నాకు ఇంకో కంపెనీ తక్కువకు చేస్తుంది అన్న మాట ఒక్కటే సరిపోదు. అదే పని, అంతే విస్తీర్ణం, అన్నిసార్లు చేయడానికి రాతపూర్వకంగా ఇచ్చిన కొటేషన్ ఉంటేనే దానికి విలువ.

కాగితాలు రప్పించే పని ఈ వారమే మొదలుపెట్టండి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అపార్ట్‌మెంట్లలో ఉండి వచ్చినవారికి మెయింటెనెన్స్ అంటే ఓనర్ల అసోసియేషన్ జనరల్ బాడీలో సెక్రటరీ లెక్క చదివి వినిపించడం, అక్కడే నలుగురూ నిలదీయడం అలవాటు. ఇక్కడ ఖర్చు పెట్టేదీ లెక్క రాసేదీ సంస్థే కాబట్టి అడగనిదే ఏమీ బయటికి రాదు, కానీ అడిగితే ఇచ్చి తీరాలని చట్టం ఉంది. సెక్షన్ 21 కింద గత లెక్క సంవత్సరపు ఖర్చుల సారాంశం రాతపూర్వకంగా కోరండి. అడిగిన నెలలోపు, లేదా లెక్క సంవత్సరం ముగిసిన ఆరు నెలలలోపు, ఏది తర్వాత వస్తే ఆలోపు వారు ఇవ్వాలి. సారాంశం అందిన ఆరు నెలలలోపు సెక్షన్ 22 కింద బిల్లులు, రసీదులు, వాటిని సమర్థించే ఇతర పత్రాలు చూస్తామని నోటీసు ఇవ్వండి. నెలలోపు మొదలుపెట్టి రెండు నెలల పాటు చూసుకునే వీలు వారు కల్పించాలి. సరైన కారణం లేకుండా ఇవ్వకపోవడం హౌసింగ్ అసోసియేషన్ విషయంలో నేరం కూడా అవుతుంది. నోటీసులో ఆ మాట మర్యాదగానే గుర్తు చేయండి.

ఆ కాగితాలు చేతికి వచ్చాక ఏం చూడాలో కరెంటు పద్దుతో చూపిస్తాను, అంకెలు ఉదాహరణకు మాత్రమే. 24 ఫ్లాట్ల భవనంలో ఉమ్మడి కరెంటు ఏడాదికి 7,488 పౌండ్లు అని సారాంశంలో ఉందనుకోండి. ఫ్లాట్‌కు 312, వారానికి 6 పౌండ్లు. బిల్లులు విప్పి చూస్తే రీడింగ్ పక్కన అంచనా అని సూచించే గుర్తు వరుసగా కనిపిస్తుంది, అంటే ఎవరూ వచ్చి మీటరు చూడలేదన్నమాట. కింది అంతస్తు అల్మారాలో ఉన్న మీటరును కేర్‌టేకర్ సమక్షంలో ఫోటో తీసి, ఏడాది కిందటి నిజమైన రీడింగ్‌తో పోల్చితే 12,000 యూనిట్లే కాలాయని తేలిందనుకోండి. యూనిట్‌కు 28 పెన్నీల లెక్కన 3,360 పౌండ్లు, ఫ్లాట్‌కు 140, వారానికి 2 పౌండ్ల 69 పెన్నీలు. ఇక మీటరు మీది క్రమసంఖ్య, బిల్లు మీది క్రమసంఖ్య ఒకటేనా అన్నది తప్పక చూడండి. పక్క బ్లాకు మీటరు, కారు పార్కింగ్ దీపాల మీటరు, ఒక్కోసారి మొత్తం ఎస్టేట్ (భవనాల సముదాయం) దీపాల మీటరు ఒకే భవనం ఖాతాలో పడి ఉండటం నేను చూశాను. అలాంటి తప్పు పట్టుకుంటే సమంజసమా కాదా అన్న వాదనే అవసరం ఉండదు, అది మీ భవనం ఖర్చే కాదు.

శుభ్రత పద్దు వేరే రకం. అక్కడ తేలవలసినది సేవ నిజంగా అందిందా అన్నది. ప్రవేశద్వారం దగ్గర అద్దాల చట్రంలో క్లీనర్ తేదీ వేసి సంతకం చేసే కాగితం ఉంటుంది. వారంలో ఒకే రోజున, ఒకే సమయానికి దానిని ఫోటో తీస్తూ ఉండండి. ఖాళీగా ఉన్న వారాలు కనిపిస్తాయి, లేదా నాలుగు వారాల సంతకాలు ఒకే పెన్నుతో ఒకే రోజున పెట్టినట్టు కనిపిస్తాయి. మెట్ల మలుపులో అదే మరక మూడు వారాల ఫోటోలలో ఉంటే దానికి వ్యాఖ్యానం అక్కర్లేదు. తేదీలతో ఇద్దరు ముగ్గురు పొరుగువారు రాసిపెట్టుకున్న డైరీకి ట్రిబ్యునల్ మంచి విలువ ఇస్తుంది. ఎప్పుడూ సరిగా చేయరు అన్న సాధారణ ఆరోపణకు ఆ విలువ ఉండదు.

మిగిలిన పద్దులకు ఇంత శ్రమ అక్కర్లేదు. అగ్నిమాపక పరికరాల ఖర్చులో పరీక్షల ధ్రువపత్రాలు అడగండి. నిర్వహణ రుసుము శాతం లెక్కన వేస్తే మిగిలిన పద్దులు తగ్గినప్పుడు అదీ దామాషాలో తగ్గాలని కోరండి. తోట లేని భవనానికి తోట పని ఖర్చు వస్తే అది ఎస్టేట్ వాటా అంటారు, ఆ వాటాను ఒప్పందం అనుమతిస్తుందో లేదో చూడండి.

విధానపరమైన లోపాలు కొన్ని విడిగా పరిశీలించాలి. ఏ ఒక్క అద్దెదారు వాటా అయినా 250 పౌండ్లు దాటే పనులకు, ఏడాదికి 100 పౌండ్లు దాటే, 12 నెలలకు మించిన ఒప్పందాలకు సెక్షన్ 20 కింద ముందస్తు సంప్రదింపు తప్పనిసరి. అది జరగకపోతే వసూలు ఆ పరిమితులకే ఆగిపోతుంది. అయిదేళ్ల క్లీనింగ్ కాంట్రాక్టు మీద మీకు నోటీసులు వచ్చాయా అని గుర్తు చేసుకోండి. ఈ లోపం దొరకగానే గెలిచినట్టు కాదు. సంస్థ మినహాయింపు కోరవచ్చు. 2013లో డేజాన్, బెన్సన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినదాని ప్రకారం సంప్రదింపు లేకపోవడం వల్ల అద్దెదారులకు ఏ నష్టం జరిగిందన్నదే అప్పుడు ముఖ్యమవుతుంది. సెక్షన్ 20బి ప్రకారం ఖర్చు అయిన 18 నెలల తర్వాత మొదటిసారి అడిగే అదనపు లోటును, ఆలోపు ఆ ఖర్చు గురించి రాతపూర్వకంగా తెలియజేసి ఉండకపోతే, కట్టనక్కరలేదు. డిమాండ్‌తో పాటు అద్దెదారుల హక్కులు, బాధ్యతల సారాంశం నిర్ణీత రూపంలో జతచేయకపోతే సెక్షన్ 21బి కింద ఆ సారాంశం వచ్చేదాకా చెల్లింపు ఆపే హక్కు ఉంటుంది. కానీ వారు దానిని మళ్లీ పంపిన మరుక్షణం ఆ హక్కు పోతుంది కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

ఇప్పుడు, కట్టడం ఆపవచ్చా అన్న మీ మొదటి సందేహానికి వస్తాను. లీజుదారు సర్వీస్ ఛార్జీ ఆపితే, మొత్తం ఎంతో తేలేదాకా లీజు రద్దు చేయకుండా 1996 నాటి హౌసింగ్ చట్టం కాపాడుతుంది. మీలాంటి అద్దెదారుకు ఆ రక్షణ లేదు. చాలా ఒప్పందాలలో సర్వీస్ ఛార్జీని అద్దెలో భాగంగా చూస్తారు, కాబట్టి ఆపిన మొత్తం అద్దె బాకీగా పేరుకుని ఇల్లు ఖాళీ చేయించే నోటీసు దాకా వెళ్లవచ్చు. వారానికి 8 పౌండ్ల వివాదం కోసం ఇంటినే పణంగా పెట్టడం నేను ఎవరికీ సలహాగా ఇవ్వను. కడుతూనే పోరాడే దారి చట్టంలోనే ఉంది. కేవలం డబ్బు కట్టినంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదని సెక్షన్ 27ఎ చెబుతుంది. అయినా మౌనంగా ఏళ్ల తరబడి కడితే ఒప్పుకోలుగా తీసుకోవచ్చని 2015లో ఇస్లింగ్టన్ కౌన్సిల్ లీజుదారు కేసులో అప్పీళ్లు వినే అప్పర్ ట్రిబ్యునల్ తేల్చింది కాబట్టి, ఈ చెల్లింపు బాకీని ఒప్పుకుంటున్నట్టు కాదని, అభ్యంతరాలన్నీ అట్టేపెట్టుకుని కడుతున్నానని ఈమెయిల్ పంపి, ప్రతి కొత్త ఉత్తరం వచ్చినప్పుడల్లా అదే మాట మళ్లీ రాయండి. యూనివర్సల్ క్రెడిట్ (తక్కువ ఆదాయం ఉన్నవారికి ప్రభుత్వ సాయం) మీద ఉన్న పొరుగువారు కూడా ఇలాగే చేయాలి, తర్వాత ఛార్జీ తగ్గితే ఆ మార్పును అక్కడ తెలియజేయాలి.

ఈలోపు సంస్థ కౌంటీ కోర్టులో (స్థానిక సివిల్ కోర్టు) బాకీ దావా వేస్తే ఆ కవరు ఒక్కరోజు కూడా పక్కన పెట్టవద్దు. జవాబుకు 14 రోజుల గడువు ఉంటుంది, అందినట్టు తెలియజేస్తే అది 28 రోజులవుతుంది. జవాబు లేక ఏకపక్షంగా తీర్పు వచ్చిందంటే, కోర్టు తేల్చిన విషయం కాబట్టి ట్రిబ్యునల్ దానిని మళ్లీ తెరవలేదు. గడువులోపు వివాదం ఉందని చెబితే కోర్టే సర్వీస్ ఛార్జీ భాగాన్ని ట్రిబ్యునల్‌కు బదిలీ చేయగలదు.

దరఖాస్తు విషయానికి వస్తే, ఇది ఫస్ట్ టియర్ ట్రిబ్యునల్‌లోని ప్రాపర్టీ ఛాంబర్‌కు వెళ్తుంది. ఇంగ్లండ్‌లో పాత లీజ్‌హోల్డ్ వాల్యుయేషన్ ట్రిబ్యునళ్ల స్థానంలో 2013 జులై 1న వచ్చినది ఇదే. సర్వీస్ ఛార్జీలకు వాడే ఫారం పేరు లీజ్‌హోల్డ్ 3. పేరులో లీజ్‌హోల్డ్ ఉంది కదా, అద్దెదారులకు కాదేమోనని కొందరు వెనక్కి తగ్గుతారు, ఆ సందేహం అక్కర్లేదు. దరఖాస్తు ఫీజు నూరు పౌండ్లకు కాస్త పైన, విచారణ జరిగితే దానికి రెండింతల వరకు ఉంటుంది. తక్కువ ఆదాయం ఉన్నవారు మినహాయింపు కోరవచ్చు. ఫీజు ఒక్కో దరఖాస్తుకే కాబట్టి పొరుగువారు కలిసి ఒకటే వేస్తే తలా కొంత పడుతుంది, పైగా ఒకే భవనం గురించి పలువురి సాక్ష్యం ఒకచోట చేరుతుంది. మీ అంతస్తులో ఇంగ్లీషు ఇబ్బందిగా ఉన్న పెద్దవారు ఉన్నారని రాశారు. వారికి తెలుగు దుబాసీ కావాలని దరఖాస్తులోనే కోరండి, ఇంట్లో పిల్లల చేత చెప్పించవలసిన పని లేదు.

దరఖాస్తు అందాక ట్రిబ్యునల్ ఆదేశాలు పంపుతుంది, ఎవరు ఏ తేదీలోపు ఏ పత్రాలు ఇవ్వాలో అందులో ఉంటుంది. ఆ తేదీలు తప్పితే మీ దరఖాస్తునే కొట్టివేయవచ్చు, సంస్థ తప్పితే దాని వాదన వినకుండా ఆపవచ్చు. అన్నిటికన్నా ముఖ్యమైన పత్రం పట్టిక రూపంలో ఉండే స్కాట్ షెడ్యూల్. మొదటి గడిలో పద్దు, మొత్తం, తర్వాత మీ అభ్యంతరం, మీరు ఒప్పుకునే మొత్తం, ఆపై సంస్థ జవాబు, చివర ట్రిబ్యునల్ కోసం ఖాళీ గడి. మీ గడిలో ఒక్కో పద్దుకు నాలుగు వాక్యాలు మించకుండా, ఏ పేజీలో రుజువు ఉందో చూపిస్తూ రాయండి. ప్రతి పద్దుకూ సున్నా అని రాయవద్దు. క్లీనర్ సగం వారాలు వచ్చాడని మీ ఫోటోలే చెబుతుంటే సగం ఒప్పుకోండి. ఒప్పుకోదగినది ఒప్పుకున్నవారి మిగతా మాటకు బలం వస్తుంది. అభ్యంతరానికి ప్రాథమిక ఆధారం మీరు చూపిస్తే, దానికి సమాధానం చెప్పే భారం సంస్థ మీద పడుతుంది.

విచారణ కోర్టు హాలు కంటే చాలా సాదాగా ఉంటుంది. న్యాయమూర్తితో పాటు సాధారణంగా ఒక సర్వేయర్ ఉంటారు, వారు ప్రశ్నలు అడుగుతూ విషయం తెలుసుకుంటారు. లాయర్ తప్పనిసరి కాదు. అవసరమనిపిస్తే భవనాన్ని వచ్చి చూస్తారు. ఉభయులూ ఒప్పుకుంటే మధ్యవర్తిత్వం ద్వారా తేల్చుకునే వీలు కూడా ఉంది. కాగితాలు బయటపడ్డాక సంస్థలు తరచూ ఆ దశలోనే దిగివస్తాయి. దిగివచ్చినప్పుడు ఏయే సంవత్సరాలకు, ఏయే ఫ్లాట్లకు ఎంత జమ చేస్తారో రాతలో లేకుండా దరఖాస్తు ఉపసంహరించవద్దు.

లాయర్ ఖర్చు గురించి మీ భయానికి సమాధానం ఇది. 2013 ట్రిబ్యునల్ నియమాలలోని 13వ నియమం ప్రకారం ఎవరైనా అసమంజసంగా ప్రవర్తిస్తేనే ఎదుటివారి ఖర్చు వారి మీద వేయవచ్చు, దానికి పెట్టిన ప్రమాణం కఠినమైనది. నిజాయతీగా వాదించి ఓడిపోవడం ఆ కిందికి రాదు. అసలు ప్రమాదం మరోచోట ఉంది. ఒప్పందం అనుమతిస్తే సంస్థ తన లాయర్ ఖర్చును వచ్చే ఏడాది సర్వీస్ ఛార్జీలోనో విడి రుసుముగానో వేయవచ్చు. దానిని ఆపేందుకు 1985 చట్టంలోని సెక్షన్ 20సి కింద, 2002 నాటి కామన్‌హోల్డ్ అండ్ లీజ్‌హోల్డ్ రిఫార్మ్ చట్టం 11వ షెడ్యూలులోని 5ఎ పేరా కింద ఉత్తర్వులు కోరుతూ ఫారంలో ఉన్న గడులు తప్పక నింపండి. సెక్షన్ 20సి ఉత్తర్వు అందులో పేర్లు రాసినవారికే వర్తిస్తుంది కాబట్టి కలిసివచ్చే పొరుగువారందరి పేర్లూ వారి సమ్మతితో చేర్చండి. గెలిస్తే కట్టిన ఫీజు తిరిగి ఇప్పించమని కూడా అడగవచ్చు.

హౌసింగ్ అంబుడ్స్‌మన్‌కు (ఇళ్ల సంస్థల మీద ఫిర్యాదులు విచారించే స్వతంత్ర అధికారి) వెళ్లాలా అన్నది ఇంకొకరి ప్రశ్న. ఛార్జీ ఎంత ఉండాలి, పెంపు సమంజసమా అన్నది అంబుడ్స్‌మన్ తేల్చరు, అది ట్రిబ్యునల్ పని. అడిగిన వివరాలు ఇవ్వకపోవడం, ఫిర్యాదును నానబెట్టడం, క్లీనింగ్ లోపాన్ని పట్టించుకోకపోవడం అంబుడ్స్‌మన్ పరిధిలోకి వస్తాయి. 2024 ఏప్రిల్ 1 నుంచి చట్టబద్ధమైన ఫిర్యాదుల నియమావళి ప్రకారం సంస్థ మొదటి దశలో 10, రెండో దశలో 20 పనిదినాలలో జవాబివ్వాలి. ఫిర్యాదు ఇప్పుడే వేసేయండి. ఆ జవాబులలో వారు రాసిన కారణాలు తర్వాత ట్రిబ్యునల్‌లో మీకు సాక్ష్యంగా పనికివస్తాయి.

నిర్ణయం రాతపూర్వకంగా వస్తుంది. దానితో ఏకీభవించకపోతే 28 రోజులలోపు అదే ట్రిబ్యునల్‌ను అప్పీలుకు అనుమతి అడగాలి, ఆ తర్వాతది అప్పర్ ట్రిబ్యునల్. అనుకూలంగా వచ్చినా ఒక పని మిగిలే ఉంటుంది. సెక్షన్ 27ఎ కింద ట్రిబ్యునల్ ఎంత చెల్లించాలో తేలుస్తుందే గాని, ఎక్కువగా కట్టిన డబ్బు వాపసు ఇవ్వమని ఆదేశించదు. కాబట్టి నిర్ణయం ప్రతిని జతచేసి, ఫలానా తేదీలోపు అద్దె ఖాతాలో ఇంత జమ చేయాలని సంస్థకు రాయండి, జమ అయ్యాక ఖాతా వివరం తెప్పించుకుని సరిచూడండి, చేయకపోతే కౌంటీ కోర్టులో చిన్న మొత్తాల దావా వేయాలి. నిర్ణయం ఏ సంవత్సరాల గురించి అడిగారో వాటికే వర్తిస్తుంది, అందుకే దరఖాస్తులో గత సంవత్సరపు అసలు లెక్కతో పాటు ఈ ఏప్రిల్ నుంచి మొదలయ్యే అంచనాను కూడా కలిపి రాయండి. మీ అగ్రిమెంట్‌లోని సర్వీస్ ఛార్జీ నిబంధనను, వచ్చిన ఉత్తరాన్ని పేరు, చిరునామా తీసేసి ఇక్కడ పెడితే, మారే రకమో కాదో నేను చూసి చెబుతాను.